అలసిపోని పద్నాలుగు మంది

రెండో సమీక్షకుడికి ఉప్పు నచ్చలేదు.

నిజంగా అలాగే రాశాడు మహానుభావుడు. 'ఉప్పు మళ్ళ ఉదాహరణ మరీ స్థానికంగా ఉంది. అన్ని దేశాల పాఠకులకూ పరిచయమున్న వస్తువును ఎంచుకుంటే బాగుంటుంది' అని. ఉప్పు ఎరగని దేశం భూమ్మీద ఎక్కడుందో ఆ పెద్దమనిషే సెలవివ్వాలి. వకుళ ఆ ముక్కను మూడుసార్లు చదివి, కంప్యూటర్ మూత టప్పున మూసి, పెరట్లోకి వెళ్ళి చన్నీళ్ళతో మొహం కడుక్కుంది. వ్యాసం వెనక్కి రావడం అది నాలుగోసారి. మొదటిసారి వాక్యాలు పొడుగన్నారు. రెండోసారి పొట్టన్నారు. మూడోసారి ఈ రెండో సమీక్షకుడే ఒక పదకొండు వ్యాసాల జాబితా పంపి, వీటిని ప్రస్తావించకపోవడం విచారకరం అన్నాడు. సమీక్షకుల పేర్లు బయటికి చెప్పరు గానీ, పదకొండూ ఒక్కడు రాసినవే అయినప్పుడు ఇక దాచడానికేముంది?

పోనీ, ఇంకో పత్రికకి పంపుదామా అంటే ఇంకో పత్రిక లేదు. పాఠ్యప్రణాళికల మీద ప్రపంచంలోని దేశాలన్నీ ఒప్పుకున్న పత్రిక ఆ ఒక్కటే. ఒక దేశంలో పుట్టిన చదువుల ఆలోచన ఇంకో దేశానికి వెళ్ళాలంటే అందులో అచ్చు కావాల్సిందే. వకుళకి ప్రపంచం సంగతి ఎందుకూ, ఆమెకి కావలసింది సోమయ్యపేటలో ఉప్పు పండించే మళ్ళ కొఠారు దగ్గరి బడి ఒక్కటి బతకడం. శ్రీకాకుళంలో రెండు గదుల అధ్యయన కేంద్రం ఆమెది. పరిశోధకురాలూ ఆమే, గుమాస్తా ఆమే, తాళాలు వేసేదీ ఆమే. ప్రభుత్వం వారు ఆ ఏడు ఒక నిబంధన తెచ్చారు. అందరిలా కాకుండా తన పద్ధతిలో నడిచే ఏ బడి అయినా, ఆ పద్ధతి అంతర్జాతీయ పత్రికలో అచ్చయినట్టు జూన్‌లోపు చూపించాలి. చూపించలేకపోతే తొమ్మిది కిలోమీటర్ల అవతలున్న హైస్కూల్లో కలిపేస్తారు. కొఠారులో ఉప్పు తీసే నెలల్లో తల్లీతండ్రీ మళ్ళల్లో ఉంటారు, చంటిపిల్లల్ని చూసుకోవలసింది బడి ఈడు పిల్లలే. అందుకని అక్కడ బడి పొద్దున ఆరింటికి మొదలై తొమ్మిదింటికి అయిపోతుంది. ఆ బడి హైస్కూల్లో కలిసిందంటే ఆ నెలల్లో ఇరవై ఎనిమిది మంది చదువూ అటకెక్కినట్టే.

ఆ బడి పద్ధతి కనిపెట్టింది వకుళ కాదు, తవిటయ్య మాస్టారు. ఆయనా గొప్ప సిద్ధాంతం చదివి కనిపెట్టలేదు. ఒక ఏడు పుస్తకాలు సగమే వచ్చాయి. ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చాడు. కొఠారులో పనంతా జతలుగానే సాగుతుంది. ఒకరు ఉప్పు లాగుతారు, ఒకరు పోగు పెడతారు, లాగేవాళ్ళు అలిసిపోతే పనిముట్టు రెండోవాళ్ళ చేతిలో పెడతారు. పిల్లలు చదువునీ అలాగే మొదలెట్టారు. ఒకరు చదువుతారు, రెండోవాళ్ళు విని చెబుతారు. మాస్టారి నియమం ఒక్కటే, జతలో ఇద్దరూ చెప్పగలిగితేనే ఆ లెక్క వచ్చినట్టు. మరుసటేడు పుస్తకాలన్నీ వచ్చినా పిల్లలు సగం పుస్తకాలు బీరువాలో పెట్టేసి జతకొక్కటే తీసుకున్నారు. ఆరేళ్ళ తరవాత వకుళ వెళ్ళి చూస్తే, ఆ బడిలో చదువు ఆపేసిన పిల్ల ఒక్కర్తీ లేదు.

ఇంత చక్కటి సంగతిని బింబశాల ఒప్పుకోలేదు.

బింబశాల అంటే పత్రికవాళ్ళ యంత్రం. నిజం పిల్లల నుదుటికి పట్టీ కట్టి, ఎప్పుడు మనసు పెట్టారో, ఎప్పుడు అలిశారో, ఎంతకి మరిచిపోయారో రోజూ కొలిచి, అలాంటి పిల్లలనే యంత్రంలో తయారుచేశారు. నలభై వేల బింబాలు. ఏ దేశం నుంచి ఏ పాఠ్యప్రణాళిక వచ్చినా ఆ బింబాలకి నేర్పి చూస్తారు. పన్నెండేళ్ళ చదువు తొమ్మిది నిమిషాల్లో అయిపోతుంది. వందకి అరవై దాటితే అచ్చు, లేకపోతే నమస్కారం. పిల్లల మీద ప్రయోగాలు చేసే పాపం తప్పిందని ప్రపంచమంతా మెచ్చుకుంది. వకుళ కూడా మెచ్చుకుంది, తన వ్యాసం పంపేదాకా.

ఆ తొమ్మిది నిమిషాలూ తెర ముందు కూర్చుని ఆమె నాలుగుసార్లు చూసింది. నలభై వేల చుక్కలు వరసగా కూర్చుంటాయి. జతకొక పుస్తకం అనగానే సగం చుక్కలు ఎర్రబడిపోతాయి. 'సగం మంది విద్యార్థులకు పుస్తకం అందలేదు' అని కింద రాస్తుంది. నలభై ఒకటి మార్కులు. ఎందుకంటే బింబశాలలో ఏ పిల్లా పక్కపిల్లతో మాట్లాడదు. తరగతిలో గుసగుసలు కొలతలకి అడ్డమని వాటిని మొదట్లోనే తీసేశారట. ఆ సంగతి వకుళ నాలుగు ఉత్తరాల్లో నెత్తీ నోరూ బాదుకుని రాసింది. ప్రతిసారీ ఒకే జవాబు. జతలో ఏ విద్యార్థి నేర్చుకున్నదీ స్పష్టపరచండి.

ఉప్పు నచ్చలేదన్న ఆ నాలుగో ఉత్తరం వచ్చాక ఆమె సంపాదకురాలికి ఒళ్ళుమండి రాసింది. ఆ సంపాదకురాలు ఇంగ్రిడ్ సోల్హైమ్ అని ఎక్కడో ఉత్తరాన మంచుదేశపావిడ, మర్యాదస్తురాలు. ఆమె ఒక దారి చూపించింది. నలభై వేల బింబాల్లో ఉప్పు కొఠారు పిల్లలు లేరు గనక ఫలితం అన్యాయంగా ఉండి ఉండవచ్చు. మీ పిల్లలకే పట్టీలు కట్టి రెండు వందల రోజుల కొలతలు పంపండి, వాళ్ళ బింబాలు చేర్చి మళ్ళీ పరీక్షిద్దాం. జూన్ గడువు సంగతి మేము మీ ప్రభుత్వానికి రాస్తాం. అలాగే రాసింది కూడా, గడువు ఏడాది జరిగింది.

ఇరవై ఎనిమిది పట్టీలు వచ్చాయి. వకుళ రెండు రోజులు సోమయ్యపేటలో ఉండి పిల్లలందరికీ ఎలా కట్టుకోవాలో చూపించింది. మనసు పక్కకి పోతే పట్టీ సన్నగా కూత పెడుతుంది, భయపడకండి అని చెప్పింది. అలిసిపోయినా కూత పెడుతుందా అని లిఖిత అనే పిల్ల అడిగితే, అవునంది. ఆ తరవాత ఏం చెయ్యాలో ఎవరూ అడగలేదు, ఈమె చెప్పనూ లేదు.

రెండు వందల రోజుల తరవాత చూస్తే పద్నాలుగు పట్టీల కొలతలు నిండుగా ఉన్నాయి, పద్నాలుగు ఖాళీ. వకుళకి ఏడుపొచ్చినంత పనైంది. అయితే ఆ కొఠారులో ఇనప గొళ్ళెం రెండేళ్ళు ఉండదు, రేడియోలు ఆరు నెలలకే మూగబోతాయి. ఉప్పుగాలికి సగం పాడయి ఉంటాయనుకుంది. ఫోను చేసి కనుక్కుందామనుకుంటూనే, గడువు తరుముతుంటే వ్యాసం అడుగున ఒక గమనిక రాసి పంపేసింది. 'ఉప్పుగాలి వల్ల పద్నాలుగు పట్టీలు పనిచేయలేదు.'

ఈసారి తెర మీద పద్నాలుగు కొత్త చుక్కలు వచ్చి కూర్చున్నాయి. ఏడో నిమిషానికి మిగతావన్నీ వాడిపోతుంటే అవి పద్నాలుగూ పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి. రచయిత ఎంచుకున్న బింబాలకి వచ్చిన మార్కులే లెక్కని పత్రిక నిబంధన, ఆ పద్నాలుగింటికీ తొంభై మూడు మార్కులు. బింబశాల చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదని ఇంగ్రిడ్ స్వయంగా రాసింది. రెండో సమీక్షకుడు ఉప్పు ఊసెత్తకుండా ఒప్పేసుకున్నాడు. నవంబరులో వ్యాసం అచ్చయింది. జనవరిలో సోమయ్యపేట బడికి అయిదేళ్ళ అనుమతి వచ్చింది. తవిటయ్య మాస్టారు ఉత్తర్వు పట్టుకుని కొఠారంతా తిరిగి చదివి వినిపించాడు. వకుళ ఆ రోజు పడ్డ సంతోషం మళ్ళీ పడలేదు.

మరుసటేడు జూన్‌లో వకుళ కూతురు ఆమని ఏడో తరగతిలోకి వచ్చింది. పుస్తకాలు తెచ్చుకుంటే పాతిక కిలోల బియ్యం బస్తాలా ఉంది ఆ సంచీ. ఆరో తరగతికి ఎనిమిది పుస్తకాలుంటే ఏడుకి పదిహేను. దేశదేశాల పండితులు తూచి చూసి ఇచ్చిన కొత్త ప్రణాళిక అన్నారు. మొదట్లో వకుళ పట్టించుకోలేదు. ఆగస్టు వచ్చేసరికి పిల్ల దువ్వెన నిండా జుట్టు. సెప్టెంబరులో ఒక ఉదయం టిఫిను ముందు పెట్టుకుని, తినకుండా, బడికి వెళ్ళనంటే వెళ్ళనని కూర్చుంది. కొట్టే తల్లి కాదు వకుళ. ఎందుకో చెప్పమని మెల్లగా అడిగింది.

"ఉప్పు దగ్గరి పిల్లలు చేస్తున్నారట. చెప్పుల్లేని పిల్లలు చేస్తుంటే మీకేం రోగం అంటున్నారు టీచరు," అంది ఆమని. "వాళ్ళు ఎలా చేస్తున్నారమ్మా? వాళ్ళకి నిద్ర రాదా?"

వకుళ టిఫిను పళ్ళెం పక్కకి జరిపింది. కంప్యూటర్ తెరిచి, ఏడాదిగా చూడని పత్రిక పాత సంచికలన్నీ తిరగేసింది. తన వ్యాసం తరవాత నాలుగు వందల పన్నెండు వ్యాసాలు ఆ పద్నాలుగు బింబాల మీద పరీక్ష పాసయ్యాయి. ఎందుకు పాసవ్వవు? ఏం నేర్పినా నేర్చుకుంటాయి, ఎంత మోపినా మోస్తాయి. అరవై దాటక ఏళ్ళ తరబడి మూలనపడ్డ ప్రణాళికలన్నీ ఆ పద్నాలుగింటి దగ్గర క్యూ కట్టాయి. తొమ్మిది దేశాలు చదువుని రెట్టింపు చేశాయి. ఇన్ని వ్యాసాల్లో, ఇంతమంది పండితుల్లో, ఈ పిల్లలు ఎందుకు అలసిపోరని అడిగిన మనిషి ఒక్కడు లేడు. అడిగితే మార్కులు పోవూ! వాళ్ళని తిట్టుకుంటూ ఉంటే, తను మాత్రం అడిగిందా అన్న సంగతి గుర్తొచ్చింది. ఆమె మొదటి బస్సు పట్టుకుని సోమయ్యపేట వెళ్ళింది.

బడి బీరువా తెరిస్తే అడుగు అరలో పద్నాలుగు పట్టీలున్నాయి. కాగితం కూడా విప్పలేదు. ఉప్పుగాలి వాటిని తాకనేలేదు.

ఎందుకు కట్టుకోలేదని తవిటయ్య మాస్టారిని అడిగితే, కట్టుకున్నారు కదమ్మా అన్నాడాయన వింతగా. పుస్తకాల్లాగే జతకొకటి తీసుకుని, రెండోది పాడవకుండా దాచారు. వకుళ లిఖితని పిలిచింది. లిఖితని పిలిస్తే ఆమె జత సుభద్ర కూడా వచ్చింది, అది అక్కడ మామూలే.

"అది కూతెట్టినాదంటే అలిసిపోనామని కదా మేడమ్, మీరే సెప్పినారు," అంది లిఖిత. "అలిసిపోతే జతకిచ్చీడమే. సుభద్ర అలిసిపోతే మళ్ళా నాకిచ్చీసీది."

అప్పుడు తెలిసింది వకుళకి. యంత్రం చూసిన పిల్లలు పద్నాలుగు మంది కారు, ఇరవై ఎనిమిది మంది. ఒక్కో బింబంలో ఇద్దరున్నారు. ఒకరు అలిసేసరికి ఇంకొకరు, ఒకరు మరిచేసరికి ఇంకొకరు. ఇద్దరు మోసిన బరువుని ఇప్పుడు తొమ్మిది దేశాల్లో ఒక్కో పిల్ల ఒక్కర్తీ మోస్తోంది, అందులో తన పిల్ల కూడా ఉంది. పైగా ఇన్నాళ్ళూ యంత్రం ఒప్పుకోనన్న జతని యంత్రమే నెత్తిన పెట్టుకుంది, తెలియకుండా. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిల్లలు భయపడతారని రెండూ దిగమింగుకుంది.

పిల్లల్ని పంపేశాక మాస్టారికి అంతా విడమరిచి చెప్పి, పత్రికకి రాయాలంది. ఆయన గోడకి తగిలించిన అనుమతి ఉత్తర్వు వంక చూశాడు.

"రాయకండమ్మా. రాసీస్తే బడి ఎల్లిపోద్ది," అన్నాడు. "ఆ పద్నాలుగు పట్టీలూ ఉప్పునీళ్ళల్లో ముంచీసి ఆరబెట్టీస్తాను. మీరు రాసిన మాటే నిజమైపోద్ది. ఎవలికీ అన్నేయం జరగదు."

ఎవరికీ అన్యాయం జరగదంటే ఆమని సంగతి ఏం చెప్పను అంది వకుళ. ఆయన ఆమని పేరు విని తల దించుకున్నాడు. కానీ ఆమె బస్సెక్కేటప్పుడు మాత్రం, నా ఇరవై ఎనిమిది మందికి మీరు ఏటి సెప్తారో సూసుకోండి అని మెల్లగా అన్నాడు. దారి పొడుగునా ఆ మాట ఆమెని వదల్లేదు.

వారం రోజులు రాయలేదు. ఎనిమిదో రోజు ఆమని తరగతిలో కళ్ళు తిరిగి పడిపోయిందని బడి నుంచి ఫోను వచ్చింది. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించి, ఏం లేదు, అలిసిపోయింది, నిద్రపోనివ్వండి అన్నారు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, పిల్ల నిద్రపోతుంటే పక్కన కూర్చుని పగలంతా రాసింది. ఒక్కో బింబంలో ఇద్దరేసి పిల్లలున్నారు, వాళ్ళ పేర్లు ఇవి, పొరపాటు నాది, పట్టీలు చూడకుండా గమనిక రాశాను, ఈ బింబాల మీద పరీక్షించిన ప్రణాళికలన్నీ నిలిపివెయ్యండి అని రాసి పంపింది.

జవాబు తొమ్మిదో రోజున వచ్చింది. ఇంగ్రిడ్ తన తరఫున విచారం తెలిపింది, పిల్ల ఎలా ఉందని కూడా అడిగింది. కింద పత్రిక వారి సవరణ పత్రం ఉంది. అందులో పద్నాలుగు వరసలు, వరసకి రెండు పేర్లు, పేరు పక్కన ఒక గడి.

'ప్రతి బింబానికీ ఒకే విద్యార్థి ఉండవలెను. ప్రతి జతలో ఏ విద్యార్థిని ఉంచవలెనో, ఏ విద్యార్థిని తొలగించవలెనో పద్నాలుగు రోజులలోగా సూచించగలరు. సవరణ అందిన పిదప వ్యాసమునకు గల గుర్తింపు యథాతథముగా కొనసాగును.'

మొదటి వరసలో లిఖిత, సుభద్ర. వకుళ ఒళ్ళు భగ్గుమంది. ఫోను తీసి నేరుగా ఇంగ్రిడ్‌కి చేసింది. తొలగిస్తే బింబం మారుతుందా అని అడిగింది. మారదు, కొలతలు విడదీయలేం, పేరు ఒకటే ఉంటుంది, అంతే అందావిడ. మరి ఆ నాలుగు వందల పన్నెండు వ్యాసాలు? వాటికి ఇబ్బంది ఉండదు. అంటే బింబం రెట్టింపు బలంతో అలాగే ఉంటుంది, పేరు మాత్రం ఒక పిల్లది. నా కూతురు అలాగే పడిపోతూ ఉంటుంది, అంతేనా అంది వకుళ. నాకూ ఎనిమిదో తరగతి చదివే కొడుకున్నాడు, మా దేశమూ ఆ తొమ్మిదింట్లో ఒకటే అని ఇంగ్రిడ్ చెప్పింది. అయితే తన చేతిలో లేదంది. బింబాలు పోవాలంటే మూలవ్యాసాన్ని రచయిత పూర్తిగా ఉపసంహరించుకోవాలి, అప్పుడు దాని మీద ఆధారపడ్డవన్నీ మళ్ళీ పరీక్షకి రావాల్సిందే. కానీ మీ బడి పోతుంది, మీరు బాగా ఆలోచించుకోండి అంది.

వకుళ పదమూడు రోజులు ఆలోచించింది. అందులో నాలుగుసార్లు ఆ పత్రం తెరిచి, వరసకొకటి చొప్పున పద్నాలుగు టిక్కులు పెడితే బడి నిలుస్తుందని తనకి తనే చెప్పుకుంది. ఒకసారి లిఖిత పేరు పక్కన టిక్కు పెట్టింది కూడా. సుభద్ర పేరు తెర మీంచి మాయమైంది. వెంటనే తీసేసింది. పద్నాలుగో రోజు పొద్దున ఉపసంహరణ పత్రం నింపింది. కారణం రాయాల్సిన చోట 'ఇద్దరినీ ఇంటికి పంపించెయ్యండి' అని తెలుగులోనే రాసింది. అనువాదం వాళ్ళే చేసుకుంటారు.

పత్రికలో రెండు లైన్లు వేశారు, రచయిత్రి కోరిక మేరకు ఉపసంహరించడమైనదని. ఆ రెండు లైన్ల కింద నాలుగు వందల పన్నెండు వ్యాసాలు కూలాయి. ఆమని పుస్తకాలు వచ్చే ఏడాదికి తగ్గిస్తామని ప్రకటన వచ్చింది. ఈ ఏడాది మాటేమిటంటే అచ్చయినవి వాడుకోవాలి కదా అన్నారు. రెండో సమీక్షకుడు మాత్రం, నాకు ఆ ఉప్పు సంగతి మొదట్నుంచీ అనుమానమే అని ఒక వ్యాసం రాశాడట. వకుళ చదవలేదు.

సోమయ్యపేట బడి మూసివేత ఉత్తర్వు మార్చిలో వచ్చింది, ఉప్పు తీసే రోజుల్లో. వకుళ తనే వెళ్ళి చెప్పింది. మళ్ళ గట్టు మీద ఆడవాళ్ళు పని ఆపి చుట్టూ నిలబడ్డారు. ఆమె బింబాల గురించి, తొమ్మిది దేశాల గురించి, తన కూతురి గురించి వీలైనంత తేలిగ్గా చెప్పింది. సుభద్ర తల్లి గున్నమ్మ మోకాళ్ళ దాకా ఉప్పునీళ్ళలో నిలబడి అంతా విన్నది.

"మా పిల్లల్ని కాయితం మీదకి ఎక్కించినప్పుడు మమ్మల్ని అడగనేదు," అంది గున్నమ్మ. "ఇప్పుడు దించీసినప్పుడూ అడగనేదు."

అడిగితే ఏం చెప్పేదానివని వకుళ అడిగింది.

"ఉంచీమని సెప్దును. ఎక్కడో ఎవల పిల్లలో ఏడిస్తే నాకేటమ్మా? అందుకే కదా మీరు అడగనేదు."

తప్పయిందని అంది వకుళ. గున్నమ్మ క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు. జూన్‌లో ఆ పెద్దబడికి మా పిల్లలతో మీరే రావాల, ఇద్దర్నీ ఒక బెంచీ మీద కూకోబెట్టమని ఆ పెద్దమాస్టారికి మీరే సెప్పాల అంది. వస్తానంది వకుళ.

జూన్ పన్నెండున తవిటయ్య మాస్టారూ, వకుళా పిల్లల్ని వెంటబెట్టుకుని హైస్కూలుకి వెళ్ళారు. హెడ్మాస్టరు గారు పెద్దమనిషి, కుర్చీలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, ఓపిగ్గా విన్నారు. జతని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాలనీ, జతకొక పుస్తకం చాలనీ, ఇద్దరికీ వస్తేనే వచ్చినట్టనీ, ఆరేళ్ళలో ఒక్క పిల్ల కూడా మానలేదనీ, ఉప్పు నెలల్లో వీళ్ళని తొమ్మిదింటికే వదిలేస్తే చదువు నిలుస్తుందనీ వకుళ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన తల ఆడిస్తూ రాసుకున్నారు కూడా.

"చాలా బాగుంది మేడమ్. నాకైతే నచ్చింది," అన్నారాయన, కలం మూత పెడుతూ. "ఇది ఎక్కడైనా అచ్చయిందా?"

వకుళ తవిటయ్య మాస్టారి వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయట నిలబడ్డ పిల్లల్ని చూస్తున్నాడు.

"అయిందండి," అంది. "నేనే తీయించేశాను."

హెడ్మాస్టరు గారు నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, రాసుకున్న కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టారు. తరవాత గంట కొట్టించి, అక్షరక్రమంలో పేర్లు పిలిచి, ఆ వరసలోనే బెంచీల మీద కూర్చోబెట్టమని గుమాస్తాకి చెప్పారు.